వాట్స్ ఈటింగ్ యూ? - పెరుగన్నం

పోయిన నెల్లో మా ఆఫీసులో ఓ ట్రైనింగ్ జరిగింది. పేరు 'ఎంపతీ ఎట్ వర్క్'. రెండు గంటలు. తప్పనిసరి. రాకపోతే మేనేజర్ కి మెయిల్ వెళ్తుంది. పక్కవాడి మీద సానుభూతి చూపించకపోతే నీ సంగతి తేలుస్తాం అన్నమాట :)

మొదటి గంట ఎలాగో గడిచింది. రెండో గంటలో ఓ స్లైడ్ వచ్చింది. 'మీ టీమ్ మేట్ డల్ గా కనిపిస్తే ఎలా పలకరించాలి?' కింద వరసగా ఇవి: వాట్స్ ఈటింగ్ యూ? వాట్స్ బగ్గింగ్ యూ? వై ద లాంగ్ ఫేస్? క్యాట్ గాట్ యువర్ టంగ్? డిడ్ యూ గెట్ అప్ ఆన్ ద రాంగ్ సైడ్ ఆఫ్ ద బెడ్? ఎ పెన్నీ ఫర్ యువర్ థాట్స్?

ట్రైనర్ గారు చెప్పిందేమిటంటే, 'వాట్స్ రాంగ్' అని మామూలుగా అడిగితే రోబో అడిగినట్టు ఉంటుందట. ఇడియమ్ వాడితే ఆత్మీయత పెరుగుతుందట. తర్వాత ఇద్దరిద్దర్ని జంటలుగా చేశారు. ఒకరు మొహం వేలాడేసుకోవాలి, ఇంకొకరు ఇడియమ్ తో పలకరించాలి. నలభై మంది ఇంజినీర్లు ఒకళ్ళనొకళ్ళు 'వై ద లాంగ్ ఫేస్' అని అడుగుతూ పడీ పడీ నవ్వుకున్నారు.

నేను చెయ్యెత్తి, "ఈ స్లైడ్ తీసేస్తే బావుంటుందండీ" అన్నాను. ఆవిడ చిరునవ్వుతో నా వైపు తిరిగి, "వాట్స్ ఈటింగ్ యూ?" అన్నారు. హాలంతా గొల్లుమంది. నేను కూర్చున్నాను.

అప్పుడు సమాధానం చెప్పలేకపోయాను. ఇప్పుడు చెప్తున్నా.

ముందుగా ఓ మాట. నాకు ఇంగ్లీషు మీద కోపం లేదు. నా తిండి ఇంగ్లీషులోనే వస్తోంది. ఆ ఇడియమ్స్ మీదా కోపం లేదు, పుట్టినచోట అవి బంగారం లాంటివి. ఇంజినీరింగ్ లో ఉన్నప్పుడు రూమ్మేట్ ఓ సినిమా పెట్టాడు, 'వాట్స్ ఈటింగ్ గిల్బర్ట్ గ్రేప్' అని, 1993 లోది. లియొనార్డో డికాప్రియో కుర్రాడిగా ఉన్నప్పటిది. టైటిల్ చూసి ద్రాక్షపండుని ఏదో పురుగు తినేస్తుంది కాబోలు అనుకున్నాను. సినిమా అయిపోయాక అర్థమైంది, ఇంటి బరువంతా మోస్తున్న ఓ కుర్రాణ్ణి లోపల్లోపల ఏం తినేస్తోందన్నదే ఆ పేరు అని. ఎంత చక్కటి మాట! మనకీ ఉంది కదా, 'మనసులో ఏదో పురుగు తొలుస్తోంది' అని. అక్కడా ఇక్కడా మనిషిని తినేది ఒకటే.

నా గొడవల్లా ఆ మాటని ఎవరు, ఎవర్ని, ఎప్పుడు అడగొచ్చో చెప్పకుండా స్లైడ్ మీద జాబితాలా పంచిపెట్టడం గురించి.

ఒక్కొక్కటే చూడండి. 'వై ద లాంగ్ ఫేస్' అన్నది ఓ పాత జోకులో కీలకమైన మాట. గుర్రం బార్ లోకి వస్తుంది, బార్ వాడు దాన్ని చూసి అడిగే ప్రశ్న అది. అంటే ఆ మాట అనగానే వినేవాడికి సగం నవ్వు ముందే వచ్చేస్తుంది. చిన్న చిన్న అలకలకి బావుంటుంది. పరీక్ష తప్పినవాణ్ణో, పెళ్ళి చెడిపోయినవాణ్ణో అడిగితే? 'రాంగ్ సైడ్ ఆఫ్ ద బెడ్' అసలు పలకరింపే కాదు, 'నువ్వు ఇవాళ చిర్రుబుర్రులాడుతున్నావు' అన్న తీర్పు. మన 'ఇవాళ పొద్దున్నే ఏ మొహం చూసి లేచావో' లాంటిదే. 'క్యాట్ గాట్ యువర్ టంగ్' ఎక్కువగా పెద్దవాళ్ళు పిల్లల్ని ఆటపట్టించేది. మన భాషలో చెప్పాలంటే 'బెల్లం కొట్టిన రాయిలా అలా కూర్చున్నావేం?'. ఇప్పుడు మీరే చెప్పండి. తెలుగు నేర్చుకుంటున్న ఓ అమెరికా ఆయనకి, 'మీ మేనేజర్ గారు మౌనంగా ఉంటే బెల్లం కొట్టిన రాయిలా ఉన్నారేంటని అడగండి, ఆత్మీయంగా ఉంటుంది' అని నేర్పిస్తారా? నేర్పిస్తే ఆయన ఉద్యోగం ఏమవుతుంది?

ఇహ పెన్నీ. ఈ మాట 1546 లో జాన్ హేవుడ్ అచ్చువేసిన సామెతల పుస్తకంలోనే ఉంది. అప్పటి పెన్నీకి కాస్త విలువుండేది. అమెరికా వాళ్ళు చలామణీ కోసం పెన్నీలు కొట్టడం 2025 నవంబర్ లో ఆపేశారు కూడా. నాణెం ఆగిపోయింది, మనం మాత్రం హైదరాబాద్ లో కూర్చుని స్లైడ్ల మీద ఇంకా పంచుతున్నాం :)

ఇహ 'బగ్' మన ఇంటి మాట. యంత్రంలో దోషాన్ని బగ్ అనడం ఎడిసన్ 1878 లో రాసిన ఉత్తరంలోనే ఉంది. 1947 లో హార్వర్డ్ మార్క్ టూ కంప్యూటర్ లో నిజం పురుగే దొరికితే లాగ్ బుక్ లో అంటించారు, ఆ కథ మనందరికీ తెలిసిందే. 'వాట్స్ బగ్గింగ్ యూ' అని అడిగితే మనవాడి బుర్ర తిన్నగా జీరా వైపు వెళ్తుంది. సివియారిటీ ఎంత? స్టెప్స్ టు రీప్రొడ్యూస్ ఏంటి? ఎక్స్పెక్టెడ్ రిజల్ట్ ఏంటి? దిగులుకి ఈ గళ్ళు ఎలా నింపుతాడు? అందుకే 'నథింగ్, ఆల్ గుడ్' అని టికెట్ మూసేస్తాడు.

ఇడియమ్స్ వద్దు, తోచినట్టు మాట్లాడదాం అనుకుంటే అక్కడా ఓ గొయ్యి ఉంది. దాంట్లో నేనే పడ్డాను. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు. రాత్రి తొమ్మిదిన్నర కాల్. క్లయింట్ వైపు ఒకావిడ ఉండేవారు, ఎప్పుడూ గలగలా మాట్లాడేవారు. ఆ రోజు గొంతు డీలాగా ఉంది. నాకు మనసాగక అడిగాను: "వాట్ ఈజ్ యువర్ ప్రాబ్లమ్?"

నా మనసులో ఉన్నదేంటి? 'ఏంటండీ ఇబ్బంది? నేనేమైనా చెయ్యగలనా?' ఆవిడ చెవిన పడిందేంటి? 'ఏంటి నీ గోల?' కాల్ లో ఐదారు సెకన్లు చడీ చప్పుడూ లేదు. మా మేనేజర్ పక్క కిటికీలో 'నువ్వు మ్యూట్ లో ఉండు' అని పంపాడు. మర్నాడు క్షమాపణ మెయిలు. 'వాట్స్ రాంగ్' అంటే పలకరింపు, దానికి 'విత్ యూ' తగిలిస్తే చాలాసార్లు తిట్టు. మనకేమో 'ఏమైంది' కన్నా 'నీకేమైంది' ఇంకాస్త దగ్గరగా అనిపిస్తుంది, సందర్భాన్ని బట్టి. మాటకి మాట పెట్టి అనువాదం చేస్తే ఆప్యాయత పోయి తగాదా మిగిలింది. ఆవిడ ఆ రోజు ఎందుకలా ఉన్నారో నాకు ఈ రోజుకీ తెలీదు. నా ప్రశ్నే ఆ తలుపు మూసేసింది.

ఆ దెబ్బకి నేను బుద్ధిగా ఇడియమ్స్ నేర్చుకున్నాను. అవునండీ, ఆ స్లైడ్ మీదున్నవన్నీ ఇదివరకు కంఠతా పట్టినవాణ్ణే. అందుకే ఇంత మంట.

సరే, అసలు విషయానికొస్తా. నిరుడు మా టీమ్ లోకి ఓ కుర్రాడొచ్చాడు. ఇరవై మూడేళ్ళుంటాయి. శ్రీకాకుళం జిల్లా, ఉద్దానం వైపు. (ఇది రాయొచ్చా అని అడిగాను. ఊరి పేరు, నా పేరు లేకపోతే ఫరవాలేదన్నాడు.) బాగా పనిచేసేవాడు. మూడో నెల నుంచి తేడా వచ్చింది. స్టాండప్ లో 'నో బ్లాకర్స్' తప్ప మాట లేదు. కెమెరా ఆఫ్. మధ్యాహ్నం భోజనానికి ఒక్కడే వెళ్ళేవాడు.

నేను వాడికి లీడ్ ని. వారం వారం వన్ ఆన్ వన్ ఉంటుంది, దానికో ఫారం ఉంటుంది, అందులో మొదటి గడి 'హౌ ఈజ్ ది అసోసియేట్ ఫీలింగ్'. ఓ రోజు క్యాంటీన్ లో ఎదురుగా కూర్చుని, నేర్చుకున్నది వాడేద్దామని, నవ్వుతూ అన్నాను: "హే, వాట్స్ ఈటింగ్ యూ?"

వాడు ఒక్క క్షణం ప్లేటు వంక చూసుకున్నాడు. "కర్డ్ రైస్" అన్నాడు.

పక్కనున్న ఇద్దరు పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత వాళ్ళలో ఒకడు దాని అర్థమేంటో వాడికి విడమర్చి చెప్పాడు. వాడు కూడా నవ్వినట్టే పెట్టి, "ఓ.. నథింగ్ అన్నా, ఐయామ్ గుడ్" అన్నాడు. వారం రోజులు వాడి పేరు 'కర్డ్ రైస్' అయిపోయింది. నేను ఫారంలో 'గుడ్' అని రాశాను. వాడే చెప్పాడు కదా! తర్వాత ప్రొబేషన్ మధ్యలో పంపాల్సిన ఫీడ్ బ్యాక్ లో 'లో ఎనర్జీ, నీడ్స్ టు ఓపెన్ అప్' అని కూడా రాశాను. ఓపెన్ అప్ అవ్వాలట. తాళం వేసింది నేను.

మరో రెండు వారాలకి ఓ రాత్రి రిలీజ్ పనిమీద ఇద్దరమే మిగిలాం. పదకొండు దాటింది. బిల్డ్ నడుస్తోంది, చేసేదేం లేదు. టీ తాగుదామని కిందికి దిగాం. గేటు బయట టీ బండి దగ్గర నించుని, ఏ ఉద్దేశమూ లేకుండా అడిగాను: "ఏమైంది తమ్ముడూ? ఈ మధ్య అదోలా ఉంటున్నావ్?"

"ఏటీ లేదన్నా" అన్నాడు. నేనేం మాట్లాడలేదు. టీ సగం అయ్యాక వాడే మొదలెట్టాడు.

వాళ్ళ నాన్నకి కిడ్నీలు పాడయ్యాయి. ఉద్దానం గురించి మీరు పేపర్లలో చదివే ఉంటారు. ఏళ్ళ తరబడి అక్కడ ఊళ్ళకి ఊళ్ళు కిడ్నీ జబ్బుతో బాధపడుతున్నాయి, ఇదీ కారణం అని ఇంతవరకూ గట్టిగా తేలలేదు. ఆయన జీడితోట చూసుకునే మనిషి. డయాలసిస్ మొదలైంది. వారానికి రెండుసార్లు. తీసుకెళ్ళడానికి ఇంట్లో అమ్మ ఒక్కతే. వీడు శుక్రవారం రాత్రి రైలెక్కి, ఆదివారం రాత్రి రైల్లో తిరిగొచ్చి, సోమవారం పొద్దున్న స్టాండప్ లో 'నో బ్లాకర్స్' అనేవాడు.

"నాకు చెప్పొచ్చు కదా తమ్ముడూ, ఎన్నిసార్లు అడిగాను!" అన్నాను.

అప్పుడు వాడన్న మాట నేను మర్చిపోలేను. "డయాలసిస్ అని చెప్పొచ్చన్నా, అది ఇంగ్లీషే కదా. కానీ నాన్న నీళ్ళు గ్లాసుతో కొలుచుకుని తాగుతున్నాడు. ఎండలో తోట నుంచి వచ్చి, చెంబెడు నీళ్ళు గటగటా తాగే మనిషి. దాహమేస్తోందని నా వంక చూస్తాడు. అది ఇంగ్లీషులో ఎలా చెప్పాలి? వన్ ఆన్ వన్ లో ఎలా చెప్పాలి?"

బీటెక్ చదివినవాడు. ఇంగ్లీషు రాక కాదు. డిజైన్ డాక్యుమెంట్లు నాకన్నా శుభ్రంగా రాస్తాడు. వాడు చెప్పాల్సింది ఇంగ్లీషులో లేదు, అంతే. అది వాళ్ళ ఇంట్లో, చెంబు పక్కన, తెలుగులో ఉంది. నేను ప్రశ్నని అది చేరలేని చోట పెట్టి, వాడు రాలేదని మార్కులు తగ్గించాను.

అదండీ నా వాదన. దుఃఖంలో ఉన్న మనిషిని, సమాధానం ఏ భాషలో రాగలదో ఆ భాషలో అడగాలి. ప్రశ్న ఎంత అందంగా ఉందన్నది లెక్కలోకి రాదు. అడిగినవాడి ఇంగ్లీషు మెరుగయిందా అన్నది అసలే లెక్కలోకి రాదు.

ఇంకాస్త కటువుగా చెప్పనా? ఇద్దరూ తెలుగువాళ్ళయి ఉండి మనం ఇంగ్లీషు ఇడియమ్ వాడేది ఆత్మీయత కోసం కాదు. చేతులకి మట్టంటకుండా ఉండేందుకు వేసుకునే గ్లవ్స్ లాంటిది అది. 'వాట్స్ బగ్గింగ్ యూ బ్రో' అంటే అవతలివాడు 'నథింగ్ బ్రో' అంటాడని మనకి ముందే తెలుసు. అడిగామన్న పుణ్యం దక్కుతుంది, వినాల్సిన పని తప్పుతుంది. 'ఏమైంది?' అని అడిగితే ప్రమాదం ఉంది, నిజంగా చెప్పేస్తాడు! చెప్పాక ఏదో ఒకటి చెయ్యాలి. సెలవివ్వాలి, పని పంచుకోవాలి, పైవాళ్ళతో గొడవ పడాలి. ఆ భయంతోనే మనం ఇంగ్లీషులోకి దూరిపోతాం. నా మటుకు నేను అలాగే దూరాను.

ఇప్పుడు మీరనబోయేవి నాకు తెలుసు, మా టీమ్ లో అప్పుడే అన్నారు.

ఒకటి: 'టీమ్ లో తమిళులున్నారు, బెంగాలీలున్నారు, వాళ్ళనేం చేస్తావ్?' న్యాయమైన ప్రశ్న. వాళ్ళని ఇంగ్లీషులోనే అడుగుతాను. కానీ మామూలు ఇంగ్లీషులో. 'యూ హావ్ బీన్ క్వయట్ దిస్ వీక్. ఈజ్ ఎవ్రీథింగ్ ఆల్రైట్ ఎట్ హోమ్?' ఇందులో పిల్లి లేదు, పెన్నీ లేదు, గుర్రం లేదు. నేను గమనించాను అని ఉంది. అసలు ఇంగ్లీషు వాళ్ళే, విషయం ప్రాణాల మీదకొచ్చినప్పుడు ఏం చేశారో చూడండి. ఆస్ట్రేలియాలో గావిన్ లార్కిన్ అనే ఆయన, తండ్రి ఆత్మహత్య చేసుకున్న కొన్నేళ్ళకి, 2009 లో ఓ ఉద్యమం మొదలుపెట్టాడు. ఏటా సెప్టెంబర్ లో రెండో గురువారం జరుపుతారు. దాని పేరు 'ఆర్ యూ ఓకే?'. మూడంటే మూడు మాటలు, చిన్నపిల్లాడికీ అర్థమయ్యేవి. 'వాట్స్ ఈటింగ్ యూ డే' అని పెట్టుకోలేదు వాళ్ళు! పైగా అడగడం మొదటి మెట్టేనంటారు. తర్వాత వినాలి, ఏదైనా చేసేలా ప్రోత్సహించాలి, మళ్ళీ కొన్నాళ్ళకి కనుక్కోవాలి. మా ట్రైనింగ్ ఆ మొదటి మెట్టు మీదే ఇడియమ్స్ తో కోలాటం ఆడి, సర్టిఫికెట్ ఇచ్చేసింది.

రెండు: 'తెలుగులో అడిగితే మరీ సొంత విషయాల్లో తలదూర్చినట్టు ఉంటుంది.' ఉంటుంది. అందుకే ఒంటరిగా ఉన్నప్పుడు అడగాలి, ఒకసారి అడిగి ఊరుకోవాలి. వాడు 'ఏం లేదు' అంటే వదిలెయ్యాలి. టీ మాత్రం మానకూడదు.

మూడోది, భాషాభిమానులకి. తెలుగు ఘనతని పొగుడుతున్నానని చప్పట్లు కొట్టకండి. మన దగ్గరా చెత్త పలకరింపులకి లోటు లేదు. 'ఏంటా ఆముదం తాగిన మొహం?', 'ఇప్పుడేం కొంపలు మునిగాయని?', అన్నిటికన్నా దరిద్రం 'మగాడివై ఉండి ఏడుస్తావేంట్రా?'. ఇవి అచ్చతెలుగే, నోళ్ళు మూయించడంలో 'క్యాట్ గాట్ యువర్ టంగ్' కి పెద్దన్నలు. ఆ రోజు టీ బండి దగ్గర నేను 'ఏంట్రా ఆ మొహం' అని ఉంటే, వాడు మళ్ళీ 'ఏటీ లేదన్నా' అని టీ తాగి పైకి వెళ్ళిపోయేవాడు. తెలుగు అయితే చాలదు, వెటకారం లేని తెలుగు కావాలి.

ఆ తర్వాతేమైందంటారా? అద్భుతాలేం జరగలేదు. నా ఫీడ్ బ్యాక్ తప్పని నేనే రాసి వెనక్కి తీసుకున్నాను, అందుకు నా మేనేజర్ తో ఓ గంట వాదించాల్సి వచ్చింది. ఆరు వారాలు ఇంటి నుంచి పనిచేసేందుకు వాడికి అనుమతి వచ్చింది. స్టాండప్ లో ఇప్పుడు కొన్నిసార్లు 'ఇవాళ మధ్యాహ్నం ఉండను, నాన్నతో వెళ్ళాలి' అంటాడు. నో బ్లాకర్స్ కన్నా నాకు ఆ మాట బావుంటుంది. వాళ్ళ నాన్న ఇంకా నీళ్ళు కొలుచుకునే తాగుతున్నారు.

అన్ని బరువులూ టీమ్ లీడ్ ల వల్ల అయ్యేవి కావు, అదీ ఒప్పుకుంటా. మాటలు చాలని పరిస్థితి అనిపిస్తే ప్రభుత్వం 2022 అక్టోబర్ లో మొదలుపెట్టిన టెలీ మానస్ ఉంది, నంబరు 14416. డబ్బులక్కర్లేదు, తెలుగులో మాట్లాడొచ్చు. మా కంపెనీ పోస్టర్ మీద ఇంగ్లీషు కౌన్సెలింగ్ యాప్ క్యూఆర్ కోడ్ ఉంది కానీ ఈ ఐదంకెలు లేవు.

ట్రైనర్ గారూ, ఆ రోజు మీరడిగిన ప్రశ్నకి ఇదే నా జవాబు. మీరు దీన్ని చదవగలరో లేదో తెలీదు కానీ, హాల్లో నవ్విన నలభై మందిలో సగం పైగా తెలుగువాళ్ళే. రేపు వాళ్ళ పక్క సీట్లో ఎవరో ఒకరు కెమెరా ఆఫ్ చేసుకుని, ఒక్కళ్ళే పెరుగన్నం తింటూ ఉంటారు. ఆ స్లైడ్ గుర్తుతెచ్చుకోకండి బాబూ. పక్కన కూర్చుని 'ఏమైంది?' అనండి. అని, కాసేపు నోరు మూసుకోండి.